తాడు దాటే వంతు

మొన్న పుష్కరాలకు మా అమ్మాయి నన్ను తుంగభద్ర రేవుకు తీసుకుపోయింది. నీళ్లలో నడుము లోతు దగ్గర తాడు కట్టి, దానికి రంగు డబ్బాలు వేలాడదీసి, ఒడ్డున ఒక పోలీసు ఈల పట్టుకుని నిలబడి ఉన్నాడు. వచ్చిన అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ఆ తాడు ఎవరు కట్టారనీ, ఎందుకు కట్టారనీ అడగలేదు, బుద్ధిగా దాని ఇవతలే మునకలు వేసి పైకొచ్చారు. నేను మాత్రం తాడు కొసలు ఎక్కడికి పోయాయో, ఏ గుంజకు కట్టారో, ఆ గుంజ వెనక స్థలం ఎవరిదో చూసుకుని గాని కాలు తడపలేదు. మా అమ్మాయికి నవ్వొచ్చింది. నా ఈడు వాళ్లయితే నవ్వరు, మున్సిపాలిటీ మన మంచికే ఏదో చేసిందంటే ఆ రాత్రి నిద్రపట్టని కాలం మాది.

నేను బద్వేలు వైపునుంచి కోడలిగా వచ్చేనాటికి యుద్ధం జరుగుతోంది, నూలు దొరకడం గగనమై వీధిలో సగం మగ్గాలు మూలపడి ఉన్నాయి. మా అత్తగారి వీధి కె.సి. కాలువను ఆనుకుని ఉండేది. రంగు అద్దిన నూలు చిలపలను పారే నీళ్లలో జాడించుకోవడానికి వీధి మొత్తానికీ ఆ కాలువ రేవు ఒక్కటే దిక్కు. ఆ ఏడు పరాయి ఊరినుంచి బండి తోలుకొచ్చిన మనిషి ఒకాయన స్నానానికి దిగి, వంతెన స్తంభం పక్కన నీళ్లు కోసేసిన గుంతలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. వెంటనే మున్సిపాలిటీ వాళ్లు ఎగువ రాతి గుంజనుంచి వంతెన స్తంభం దాకా, రేవు పొడవునా, లావుపాటి తాడు కట్టించి, కాపలాకు ఒక బంట్రోతును పెట్టి, టముకు వేయించారు. తాడు దాటి ఈదరాదు, నూలు జాడించరాదు, పొద్దుగూకినాక నీళ్లలో దిగరాదు, దిగితే జుల్మానా.

అనుమానం మా వీధిలో వేరే విత్తనం వేయనక్కరలేకుండా మొలిచేది. ఎవడో బండివాడు చచ్చిపోతే మున్సిపాలిటీకి అంత కడుపు తరుక్కుపోతుందా అన్నారు. మన రంగునీళ్లు దిగువన షావుకార్ల స్నానాలకు పోతున్నాయని వాళ్లే వెనకుండి కట్టించారన్నారు. మా అత్త అయితే గడపలో కూర్చుని, "ఈ పొద్దు తాడు కట్టినోళ్లు రేపు గోడ కట్టకుండా ఊరుకుంటారా? మనల్ని యాడికో తరుముతాండారు" అని తీర్పు చెప్పేసింది. ప్రాణం కాపాడే తాడును వాళ్లు పొలానికి వేసిన గట్టు అనుకున్నారు. ఒక్క పంట కారు మనం అవతల కాలు పెట్టకపోతే అవతలిది మనది కాకుండా పోతుందని పెద్దలు కూర్చుని తేల్చారు.

అందుకని వంతులు వేశారు. రోజూ పొద్దున్నే ఒక ఇంటి మగవాడు తాడు దాటి, ఒక్క చిలప జాడించి, అందరూ చూస్తుండగా తిరిగి రావాలి. ఈత వచ్చినవాళ్లే పోతే చాలదా అంటే చాలదు, రేపు ఆ ఇళ్లవాళ్లే రేవు మాదంటే ఏం చేయాలని మాలో మాకే ఇంకో అనుమానం. కనుక ఇంటికొక వంతు తప్పదు, ఒకరి బదులు ఒకరు పోవడానికి లేదు. బంట్రోతు గుంజ దగ్గర కూర్చుని చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. అతను ఏమీ అనకపోవడం మా వాళ్లకు మరింత అనుమానం.

మా వంతు దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించేది కాదు. మా మామగారు అప్పటికే లేరు, పోవలసింది మా ఆయనే. ఆయనకు ఈత రాదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. కాలువ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి చివరి మెట్టు దిగకుండా చెంబుతో నీళ్లు పోసుకుని వచ్చేస్తుంటే కట్టుకున్నదానికి తెలియకుండా ఉంటుందా? పైగా అది కాలువకు నిండా నీళ్లు వదిలిన నెల. ఉండబట్టలేక అత్త దగ్గర నసిగాను. "నీళ్లు సూడని ఊరినించి వచ్చినావు, నీకేం తెలుసు? మున్సిపాలిటోళ్లు నీకేమన్నా సుట్టాలా?" అని ఆవిడ నావైపు చూసిన చూపుతో నా మీదా అనుమానం మొదలైంది. మునగకుండా నడుముకు సొరబుర్ర కట్టుకోమని ఆయనతో అంటే, పదిమందిలో సిగ్గుచేటని ముఖం తిప్పుకున్నాడు.

ఆ పొద్దున నేను జాడించే పని కల్పించుకుని వెనకే పోయాను. ఆయన భుజాన చిలప వేసుకుని, తాడు ఎత్తి, తల వంచి అవతలికి పోయాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు దగ్గర మనిషి లేడు, చిలప ఒక్కటే నీళ్లమీద విచ్చుకుని పోతోంది. వంతెన స్తంభం దగ్గర ఒక చెయ్యి పైకి లేచింది, ఆ చేతికి మున్సిపాలిటీ తాడు తగిలింది. "ఇడవొద్దప్పా, ఇడిస్తే పోతావు" అని అరుస్తూ బంట్రోతు తాడు పట్టుకునే నీళ్లలోకి నడిచిపోయి, జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. ఆయన తాగిన నీళ్లు కక్కుతుంటే నేను సిగ్గు విడిచి ఆయన వీపు రాస్తూ కూర్చున్నాను.

బతికి వచ్చాడని సంతోషించినవాళ్లు తక్కువ. బంట్రోతే మెట్టు కింద రాయి కదిలించి ఉంటాడని మా అత్త చనిపోయేదాకా నమ్మింది. మునిగేవాడు నీళ్లను కొట్టుకోవాలి గాని వాళ్ల తాడు ఎందుకు పట్టుకున్నాడని వీధి పెద్ద ఒకాయన మా ఇంటికొచ్చి మరీ అడిగాడు. మర్నాటి వంతు ఇంటాయనకు కడుపునొప్పి వచ్చింది, ఆ పైవాడికి ఎవరి ఇంట్లోనో శుభకార్యం తగిలింది, అంతటితో వంతులు ఆగిపోయాయి. స్వరాజ్యం రాకముందే తాడు పోయి నిజంగానే గోడ వచ్చింది, మా వాళ్లు నూలు తడపడానికి ఊరవతలికి మోసుకుపోవలసి వచ్చింది. మా అత్త అన్నంత పనీ జరిగింది.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాలు లేవు, ఆ కాలువకు ఏం కట్టినా ఏం పీకినా గడపలో కూర్చుని గొణిగేవాళ్లూ లేరు. తమదనుకున్న దాని గురించే వాళ్లు అంతగా అనుమానపడేవారు, ఇప్పుడు ఎవరూ దేన్నీ అంతగా తమదనుకోరు. ఆ మనుషులు లేని వీధిని చూస్తే నాకు దిగులే. అయినా గోడ లేచిన రోజున, రేవు పోయిందని ఆడవాళ్లంతా మా అరుగుమీద చేరి ఏడుస్తుంటే నేనూ వాళ్లతో కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను గాని, లోపల మగ్గం గుంటలో మా ఆయన కాళ్లు ఆడుతున్న చప్పుడు వినబడుతుంటే నాకు ఏడుపు రాలేదు.