బోయిగూడ కాలేజీని వెతుక్కుంటూ

గోరంత జరిగితే కొండంత చెప్పడం నా జబ్బు. ఈ యాత్రలో కొండలు చాలానే తగులుతాయి. ఎక్కలేనివాళ్లు పక్కనుంచి రండి.

సికింద్రాబాద్‌లో పాత టీచర్ ట్రైనింగ్ కాలేజీలు మూడింటిని కలిపి ఒక యూనివర్సిటీ చేశారు. ఈమధ్య అక్కడ చరిత్ర గది తెరిచారు. శనివారాలు ప్రొఫెసర్‌గారే కథంతా చెప్తారు, టికెట్ లేదు. పేపర్లో ఇది చదివి మా అక్క కళ్లద్దాలు తీసేసింది.

"మూడేంది తమ్మీ? నాలుగు! మా బోయిగూడ కాలేజీ ఏమాయె?"

నాకంటే పదిహేనేళ్లు పెద్దదైన అక్క టీచరైంది బోయిగూడలోనే, అద్దెకొంపలో నడిచిన ఆడవాళ్ల కాలేజీలో. తర్వాత దాన్ని ఒక పెద్ద కాలేజీలో కలిపేశారు. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి, తను నేర్చుకున్న చోటే లెక్కలో లేదంటే ఎట్లుంటది?

మల్కాజ్‌గిరిలో తొమ్మిది నలభై లోకల్ పట్టుకున్నాం. టికెట్ మనిషికి ఐదు రూపాయలు. ఎంత రద్దీ అంటే, ఎక్కేటప్పుడు నా చొక్కాకి ఆరు గుండీలు, దిగేటప్పుడు తొమ్మిది. అక్క సంచీని గుండెకి హత్తుకుని నిలబడితే కూరగాయల గంపావిడ నవ్వింది.

"ఏందమ్మా, బంగారమా?"

"నా లెసన్ ప్లాన్ల రికార్డు బిడ్డా. కాలేజీ ముద్ర సుత ఉన్నది."

"గదెవడు ఎత్కపోతడు? జెర జరుగు!"

స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చిక్కటి చాయ్ తాగాం. పక్కనే కంటోన్మెంట్ కాబట్టి కాబోలు, కప్పులో చెంచా అటెన్షన్‌లో నిలబడింది. ఆటో నూటయాభై అడిగి వందకి దిగాడు.

పదకొండుకి చరిత్ర గదిలో ఉన్నాం. ఒక గోడంతా నల్లబల్ల, దాని మీద తెల్లరంగుతో మూడు కాలేజీల పేర్లు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా రిటైరైన టీచర్లే. ట్రైనింగ్‌లో కొత్త టీచరు పాఠం చెప్తుంటే, తప్పులు పట్టే పెద్ద మేష్టారు వెనక బెంచీలో కూర్చుంటారట. ఇక్కడ అందరూ పెద్ద మేష్టార్లే. ముందు కుర్చీలన్నీ ఖాళీ, చివరి బెంచీ మీద మాత్రం పదకొండుమంది. ముందు వరసలో నేనొక్కణ్నే. యూనివర్సిటీ చరిత్ర మొత్తం నా నెత్తినే పడింది.

ప్రొఫెసర్ ముగించగానే వెనక బెంచీలోంచి అక్క లేచి, తను రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయనా ట్రైనింగ్ అయినవాడే. పాపం, అలవాటుగా నిటారుగా నిలబడి పైకే చదివాడు: "గొంతు బాగుంది. బల్ల వాడలేదు. పిల్లలకి ముందే ఏం తెలుసో అడగలేదు."

"ఏమడగాల్సింది మేడమ్?"

"నాలుగో కాలేజీ తెలిసినోళ్లు ఎవరన్నా ఉన్నరా అని."

రికార్డు తెరిచింది. పసుపెక్కిన పేజీ, ఊదారంగు ముద్ర, కాలేజీ పేరు. ఆయన ముద్ర మీద వేలు పెట్టి పేరు చదివాడు.

"మా ఫైళ్లలో ఇది లేదు మేడమ్. తప్పు మాదే."

ఫోన్ చేశాడు. ఐదు నిమిషాల్లో పెయింటర్ వచ్చి, మూడు పేర్లకంటే పెద్ద అక్షరాలతో నాలుగోది రాసిపోయాడు. వెనక బెంచీ చప్పట్లు కొట్టింది.

తిరుగు రైల్లో సీట్లు దొరికాయి. అక్క కిటికీలోంచి చూస్తూ, "ఆ పిల్లగాడు మంచి టీచరు. బల్లొక్కటి వాడితే చాలు," అంది. ఊరంతా తిరిగినా ఇంతమంది మేష్టార్లని ఒక్కచోట చూడలేం. తప్పకుండా వెళ్లండి.

ఇక నిజం. గుండీలవీ చెంచాదీ మీరే తగ్గించుకుని ఉంటారు. పూర్తిగా నేను పుట్టించింది పెయింటర్ రావడం. ప్రొఫెసర్ ఫోన్ చేస్తే వచ్చేవారం వస్తానన్నాడట. అప్పుడు ప్రొఫెసరే ఒక సుద్దముక్క తెచ్చి అక్కకిచ్చాడు. అక్క ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది. పెయింటర్ ఇంకా రాలేదని విన్నాను.

మీరు వెళ్తే ఆ గోడకి ఆనుకోకండి.