శుభం పడని సినిమా

చీకటి సినిమా అంటే దీపాలు తక్కువ పెట్టి తీసినదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. చూసేవాళ్లకు అబద్ధం చెప్పనిదే చీకటి సినిమా. ఇంత గట్టిగా చెప్పడానికి నువ్వెవరని అడగవచ్చు. నేను వరంగల్‌లో ఒక టాకీసులో ఆడవాళ్ల గేటు దగ్గర పదమూడేళ్లు టికెట్లు చింపినదాన్ని. ఒక సినిమాను ఒకసారి చూసినవాళ్లకు కథ కనబడుతుంది. ముప్పైసార్లు చూస్తే కథ అరిగిపోయి, దాని కింద ఏముందో అది కనబడుతుంది. నేను గేటు పరదా మడతలో నిలబడి అలా చూశాను.

అప్పట్లో ఆడవాళ్ల వైపు వేరే తలుపు, వేరే మనిషి. మ్యాట్నీకి ఆడవాళ్లే ఎక్కువ వచ్చేవాళ్లు. టికెట్ చింపడం, జాగా కోసం కొట్లాడుకుంటే విడదీయడం, ఆట అయిపోగానే తలుపు తీయడం నా పని. నాకు అక్షరం ముక్క రాదు. టికెట్లను రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒక్క మాటను మాత్రం ఆకారంతో గుర్తుపెట్టుకున్నాను. రెండు మెలికలు, పక్కన ఒక సున్న. అది శుభం. తెర మీద అది పడగానే తలుపు తీయాలని పనిలో చేరినరోజే చెప్పారు. కాబట్టి శుభం అంటే అయిపోయిందని అర్థం అనుకున్నాను. అలాగని ఎవరూ చెప్పలేదు. కాదనీ ఎవరూ చెప్పలేదు.

నేను చేరిన కొత్తలోనే, ముసుగు వేసుకుని తిరిగే ఒక మనిషి కథతో మొదటి సినిమా వచ్చింది. మా ఆయన బొంబాయి దగ్గర భీవండికి పోయి అప్పటికి మూడు నెలలు. అంతకుముందు వరంగల్‌లోనే, మా కాశిబుగ్గలో మగ్గం నేసేవాడు. చేతిమగ్గానికి పని లేక మా వాడలో చాలామంది అటే పోయారు, మరమగ్గాల మీదికి. "రెండు నెలల్ల వత్త" అని పోయాడు. మొదటి ఏడాది వచ్చేపోయేవాళ్లతో కబురు పంపేవాడు. ఆ తర్వాత కబురు లేదు. అక్కడినుంచి వచ్చినవాళ్లను అడిగితే ఒకడు ఎవరికో కనబడ్డాడట అనేవాడు, ఒకడు ఇంకో కాపురం పెట్టాడనేవాడు, ఇంకొకడు ఊరే మారాడనేవాడు. కళ్లతో చూశానన్నవాడు ఒక్కడూ లేడు. పిల్లలు లేరు. ఒక గది, ఒక పొయ్యి, మూలన విప్పి పెట్టిన మగ్గం.

ఆ ముసుగు సినిమాలు మూడు, ఒకదాని తర్వాత ఒకటి, ఎనిమిదేళ్లలో వచ్చాయి. మేమంతా 'నల్లముసుగోడి సినిమాలు' అనేవాళ్లం. పగలు గడియారాలు బాగుచేసే మనిషి, రాత్రి ముసుగు వేసుకుని తిరుగుతాడు. మొదటిదాంట్లో ఊరిని దొంగల చేతిలోనుంచి కాపాడతాడు. ఇలాంటి కథలు అంతకుముందూ వచ్చాయి. ఇందులో వేరే ఏముందంటే, తెల్లారి దుకాణంలో కూర్చున్నప్పుడు అతని చేయి వణుకుతుంది. చిన్న స్క్రూ పట్టుకోలేకపోతాడు. ఎదురుగా ఉన్న గిరాకీ "ఏం తాగినవ్?" అని తిడతాడు. రాత్రి ఆ తిట్టినవాడి ఇల్లే కాపాడి వచ్చాడు. చెప్పుకోలేడు. కత్తియుద్ధాలకు ఈలలు వేసిన జనం ఆ స్క్రూ దగ్గర ఈల వేయలేదు. నాకు ఆ వణికే చేయే సినిమా.

రెండోది ఇంకా గట్టిది. వేరేవాడు అదే ముసుగు వేసుకుని దొంగతనాలు చేస్తాడు. ఊరు మొత్తం ఇతన్ని తిడుతుంది. నేను కాదని చెప్పాలంటే మొహం చూపాలి. మొహం చూపితే ఇంతకాలం చేసినది పోతుంది. అందుకని తిట్లు పడతాడు. ఆ రెండోవాడు కూడా ఊరికే చెడ్డవాడు కాదు. "వాడు కాపాడిన ఇండ్లల్ల మా ఇల్లు లేదు" అంటాడు. చెడ్డవాడి నోట్లో ఒక నిజం పెట్టే ధైర్యం సినిమాలు తీసేవాళ్లలో చాలామందికి లేదు. వాళ్ల చెడ్డవాళ్లు పెద్దగా నవ్వుతారు, అంతే.

ఈ నడుమ మా తమ్ముడు పాలకుర్తి దగ్గర మా ఊరినుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట.

"ఎన్నేండ్లు సూస్తవక్కా? బావ ఆడ ఇంకో కాపురం పెట్టిండని అందరు చెప్పవట్టె. పెద్దమనుషులను కూసోవెడ్త. ఇడుపుకాయితం రాసుకో."

ఇడుపుకాయితం అంటే పెద్దల ముందు మొగుడూ పెళ్లాం తెంపుకునే కాగితం.

"కండ్లతోని సూసినోడు ఒక్కడన్న ఉన్నడార?"

"నువ్వు సూసినవా మరి, వత్తాండని?"

"రాడని ఎవలన్న చెప్పిండ్లా?"

"నీతోని మాట్లాడుడు, ఎద్దుకు ఏతం నేర్పుడు ఒక్కటే" అని కండువా దులుపుకుని బస్సెక్కేవాడు. అయిపోయిందని ఎవరైనా చెబితే తెంపుకుంటాను. చెప్పేదాకా కూర్చుంటాను. నా పట్టు అది.

మూడోది రంగుల్లో వచ్చింది. రంగుల్లో తీసినా దాంట్లో వెలుగు లేదు. ముసుగుమనిషికి కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. దొంగతనాలు చేసింది అతను కాదని ఊరివాళ్లకు చివరకు తెలిసి, మొహం తెలియకపోయినా ముసుగుమనిషి పేరు మీద జాతర చేస్తున్నారు. పిల్లలంతా కాగితపు ముసుగులు కట్టుకున్నారు. అతను ముసుగు తీసి, మామూలు మొహంతో, ఆ జాతర చూడటానికి వస్తాడు. పోలీసు అతన్ని వరసలోనుంచి పక్కకు తోస్తాడు. ఎవరూ గుర్తుపట్టరు. జాతర దాటి, ఊరు దాటి నడుస్తాడు. తెర నల్లగా అవుతుంది.

అంతే. శుభం పడలేదు.

మగవాళ్ల వైపు బెంచీలు చప్పుడయ్యాయి, వాళ్లు లేచిపోతున్నారు. నేను తలుపు తీయలేదు. నావైపు ముప్పైమంది దాకా ఆడవాళ్లు చీకట్లో కూర్చుని ఉన్నారు.

"ఏందక్కా, అయిపోయిందా?" అని ముందు వరసలోనుంచి ఒకామె అడిగింది.

"ఆగుండ్లి, ఇంక పడలే."

"కరెంటు పోయినట్టున్నది" అని ఇంకొకామె.

"కరెంటు పోతె పంక ఎట్ల తిరుగుతాందే, నీ మొగడు ఊదుతాండా?"

నవ్వులు. ఇంతలో ఆపరేటర్ పైనుంచి దిగి వచ్చాడు. రీళ్లు నడిపే ముసలాయన. నేను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు.

"ఎందుకు కూసోవెట్టినవ్ చెల్లె వీళ్లను? ఫస్ట్ షోకు టైం అయితాంది."

"శుభం పడలే గద భాయ్."

"ఉంటె గద పడెటందుకు! రీల్లనే లేదు. ఖతం. తలుపు తియ్యి."

"శుభం లేకుంట ఖతం ఎట్లయితది? శుభమంటెనే ఖతం గద."

ఆయన నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు. "శుభమంటె ఖతం గాదు. మంచి అన్నట్టు. అందరు మంచిగున్నరు, ఫికర్ లేకుంట ఇంటికి పోండ్లి అని ఆ ముక్క."

"సినిమాలు సూపెట్టెటామెకు శుభమంటేందో ఎర్కలేదట!" అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. నేను తలుపు తీశాను. వాళ్లు పోయాక ఖాళీ బెంచీ మీద కూర్చున్నాను. ఎనిమిదేళ్లుగా చూసిన సినిమాలన్నీ గుర్తొచ్చాయి. తల్లి చచ్చిపోయిన సినిమా చివర కూడా ఆ మాట పడింది. కొడుకు జైలుకు పోయినా పడింది. అంటే ఇంతకాలం నేను ఒక అబద్ధాన్ని చూసి తలుపు తీస్తూ వచ్చాను. నిజం చెప్పిన ఒక్క సినిమాకు మాత్రం తలుపు మూసుకుని నిలబడ్డాను.

మర్నాడు టాకీసులో గొడవ. శుభం లేకుండా జనాన్ని ఇంటికి పంపడం అపశకునమని ఎవరో యజమానికి చెప్పారు. ఆయన ఒక పాత దేవుడి సినిమా రీలులోనుంచి శుభం ముక్క కోయించి దీనికి అతికించాడు. అతను చీకట్లో నడిచిపోతాడు, వెంటనే వీణ మోగుతుంది, తామరపువ్వు విచ్చుకుంటుంది, దాంట్లోనుంచి శుభం. ఆడవాళ్లు సంతోషంగా బయటికి వచ్చారు. "మల్ల వత్తడు, వానికి పెండ్లి సుత అయితది" అని మాట్లాడుకుంటూ పోయారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. పువ్వు మీద వచ్చింది.

వారం రోజులు ఆ పువ్వును చూశాను. ఎనిమిదో రోజు రీళ్ల గదికి ఎక్కాను.

"భాయ్, ఆ ముక్క తియ్యి."

"మాలిక్ పెట్టిచ్చిండు. నీకేం నొప్పి?"

"నొప్పే. అయిపోయినదాన్ని అయిపోయిందంటె మనిషి లేసి ఇంటికన్న పోతది. గిట్ల పువ్వులు సూపెడితె ఆడనే కూసుంటది."

ఆయన చేతిలో రీలు తుడుస్తున్న గుడ్డ ఆగింది. నా సంగతి ఆయనకు తెలుసు. మా వాడలో అందరికీ తెలుసు.

"నువ్వు సినిమా సంగతి మాట్లాడుతలేవు" అన్నాడు.

"సినిమా సంగతే. జర తియ్యి."

"మాలిక్‌కు తెలిస్తె నా నౌకరి పోతది చెల్లె."

నేను దిగి వచ్చాను. ఆ సినిమా తీసేసే రోజు, చివరి మ్యాట్నీకి, తెర నల్లబడింది. వీణ మోగలేదు. పువ్వు రాలేదు. నేను పైకి చూడలేదు, ఎవరినీ అడగలేదు. చేయి చాచి తలుపు తీశాను.

ఆ వారమే తమ్ముడికి కబురు పెట్టాను, పెద్దమనుషులను కూర్చోబెట్టమని. ఒక్క షరతు పెట్టాను. నాకు చదువు వచ్చేదాకా ఆగాలి. ఒక్క మాటకు అర్థం తెలియక ఎనిమిదేళ్లు పోయాయి. ఇప్పుడు ఏం రాశారో తెలియని కాగితం మీద వేలుముద్ర వేయను.

మా వాడలో మగ్గాల షెడ్డులో పొద్దున పూట పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. నాకప్పుడు నలభై నిండబోతున్నాయి. పక్కన కూర్చున్నవాళ్లు 'అ'కు అమ్మ, 'ఆ'కు ఆవు అంటుంటే నాకు ఏడుపు వచ్చేది, ఇంత చిన్నదానికా ఇంతకాలం అని. భాయ్ పాత పాటల పుస్తకాలు ఇచ్చేవాడు. రెండు ఆటల నడుమ గేటు దగ్గర కూర్చుని కూడబలుక్కునేదాన్ని. ఏడు నెలలు పట్టింది.

పెద్దమనుషులు మా ఊళ్లో కూర్చున్నారు. మా ఆయన తరఫున ఆయన తమ్ముడు వచ్చాడు. కాగితం ముందే రాసి తెచ్చారు. సిరా డబ్బా నావైపు జరిపారు. నేను కాగితం తీసుకుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను.

"ఏలుముద్ర ఏస్తె అయిపాయె గదమ్మా" అన్నాడు ఒక పెద్దమనిషి.

"ఆగుండ్లి, సదువుతాన."

మూడో వరసలో ఉంది: 'సదరు స్త్రీకి కాపురం చేయుట ఇష్టము లేనందున.' రెండుసార్లు చదివాను. నేనే తప్పు చదివానేమో అనుకున్నాను. కాదు.

"ఇష్టం లేంది నాకు గాదు. పోయినోడు ఆయన. ఆయన ఇడిసిపెట్టి పోయిండని రాయుండ్లి."

"మాట ఏదైతేంది వదినె" అన్నాడు ఆయన తమ్ముడు, "తెగుడు తెగుడే గద. మా అన్న పరువు..."

"మీ అన్న లేడు గదా, పరువు ఎవలిది?"

"ఈ కాయితం మల్ల ఎవలు సదువుతరమ్మా?" అన్నాడు పెద్దమనిషి, నచ్చజెప్పినట్టు.

"నేను సదువుత."

మా తమ్ముడు తల వంచుకున్నాడు, సిగ్గుతోనో మరెందుకో. చివరకు ఆ వరస కొట్టేసి పైన రాశారు: 'భర్త ఎనిమిది సంవత్సరాలుగా తిరిగి రానందున, ఆమెకు ఎవరును లేనందున.' ఆ చివరి ముక్క నేను చెప్పింది కాదు, వాళ్లే జాలిపడి కలిపారు. చదివాను. తప్పేమీ లేదు. కింద నా పేరు రాశాను. నాలుగక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

తమ్ముడు నాతో రోడ్డుదాకా నడిచి వచ్చాడు. ఊళ్లోనే ఉండిపొమ్మన్నాడు. రేపు మ్యాట్నీ ఉందన్నాను.

"ఆడ నీకు ఎవలున్నరక్కా?"

"ఎవలు లేరు. గదే గద కాయితంల ఉన్నది."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వరంగల్ బస్సు వచ్చింది. బోర్డు చదువుకుని ఎక్కాను.