పక్క సమాధికి వేసిన సున్నం

డెబ్భైల మొదట్లో గుంటూరు నుంచి ఖాజాగూడకు కోడలిగా వచ్చాను. పెళ్ళయి రెండు నెలలు తిరక్కుండానే ఈస్టర్ వచ్చింది. రాతిగుండ్ల మధ్య కానుగలు లేత ఆకులేసి నవనవలాడుతున్నాయి, వేపపూత వాసన ఇంట్లోకి వచ్చేది. నాకు మాత్రం ఒకటే కంగారు. మా అత్తగారింట్లో పండుగ ముందురోజు మామగారి సమాధికి కోడలే సున్నం వెయ్యాలట. తెల్లారేసరికి సంఘమంతా అక్కడికే చేరి, ప్రభువు లేచాడు, చావు ఓడిపోయింది అని పాడతారు. ఆ పూట మన సమాధి మాసి ఉంటే తల కొట్టేసినట్టే అని అత్త రెండుసార్లు చెప్పింది.

మామగారూ ఆయన తమ్ముడూ నా పెళ్ళికి ముందే, ఒకే ఏడాది పోయారు. పక్కపక్కనే పూడ్చారు. వాళ్ళ భార్యలకు మాత్రం మూడేళ్ళుగా మాటల్లేవు. కోడిపెట్ట ఎవరి పెరట్లో గుడ్లు పెట్టిందన్న గొడవట! గోడకవతల చిన్నత్త దగ్గితే ఇవతల అత్త గరిటె ఆపి చెవి ఒగ్గేది. పలకరించేది మాత్రం కాదు. చూసి నాకు ఒళ్ళు మండేది.

శనివారం సున్నం డబ్బా, ఈతమట్ట కుంచె పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. రాళ్ళు పేర్చి మట్టి మెత్తిన సమాధులు రెండు. పేర్లు లేవు. ఏది మనదండీ అని ఇంటికెళ్ళి అడగొచ్చు. గుంటూరు పిల్లకు ఇదీ తెలీదా అంటుందేమోనని పౌరుషం. కాస్త పెద్దగా ఉన్నదే పెద్దాయనది అయ్యుంటుందని తీర్మానించి, నీలిమందు కలిపి రెండు పూతలు వేశాను. పైన గన్నేరుపూలు పరిచి, భలే చేశానే అనుకుంటూ వచ్చాను.

మర్నాడు తూర్పు తెల్లబడుతుంటే వెళ్ళాం. దూరం నుంచే చూసి అత్త ఆగిపోయింది. మామగారిది మట్టికొట్టుకుని అలాగే ఉంది. తెల్లగా మెరిసిపోతున్నది ఆయన తమ్ముడిది.

దాని పక్కన చిన్నత్త కూలబడి ఏడుస్తోంది. పిల్లల్లేని మనిషి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి. ఈసారి తన భర్త సమాధి మాసే ఉంటుందనుకుంటూ వచ్చిందట. సున్నం వేస్తున్న నన్ను చూసినవాళ్ళెవరో అప్పటికే చెప్పేశారు. అత్త కనబడగానే లేచి ఎదురొచ్చింది.

"అక్కా, నువ్వే పంపినవా నీ కోడల్ని?"

అత్త నా వైపు చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాత ఆ వంకర వేళ్ళు చూసింది.

"నేనే పంపిన. మీ బావది మనిద్దరం గల్సి ఎయ్యాలని ఆపిన."

పండుగ పూట, పాస్టరుగారి ఎదురుగా, అంత పచ్చి అబద్ధం అంత నిబ్బరంగా ఆడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ క్షణాన ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ప్రార్థన కాగానే ఇంటికి పరిగెత్తి సున్నం తెచ్చాను. చిన్నత్త కుంచె పట్టబోతే జారి కింద పడింది. అత్త దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని సున్నం పూసింది.