మృగశిర నాడు విప్పని గోనెగుడ్డ

మా నాయిన నాకు సంబంధం చూడటానికి పోయినప్పుడు పెండ్లికొడుకు మొహం సరిగ్గా చూడలేదట. నేరుగా వాళ్ల దొడ్డిలోకి పోయి పొట్టేలు కొమ్ములు పట్టి ఊపాడు, పండ్లు చూశాడు, వెనక్కి పోయి వట్టలు పిసికి చూశాడు. ఇంటికొచ్చి మా అమ్మతో, "పొట్టేలు మంచిగున్నది. పిల్లగాడు గూడ మంచోడే అయ్యుంటడు" అన్నాడు. నేను చెబుతుంటే రాస్తున్న నా బిడ్డ, "అమ్మా, గిది గూడ రాయాల్నా?" అని అడుగుతోంది. రాయవే. గొర్రెలు కాసేవాళ్లకు ఆ సిగ్గు ఉండదు.

మాది దేవరకొండ పక్కన ఊరు. నా పెనిమిటి ఛాతీ నొప్పి అని దవాఖానకు పోయి మళ్లీ రాలేదు. అప్పటికి మందలో ముప్పై దాకా తల్లిగొర్రెలు, రెండు పొట్టేళ్లు. ఒకటి ముసలిది, నల్లది. దాని తల్లి ఈనగానే చస్తే ఆయనే సీసాతో పాలు తాపి పెంచాడు. రెండోది తెల్లది, పొడుగు కాళ్లది. సర్కారు గొర్రెల పథకంలో కృష్ణ అవతలి నుంచి లారీలో వచ్చింది. దాని మీద ఆయన చెయ్యి పడనే లేదు.

గొర్రె ఐదు నెలలు మోస్తుంది. ఎండాకాలంలో ఈనితే గడ్డి ఉండదు, తల్లికి పాలు ఉండవు. అందుకే వానలు వచ్చేదాకా పొట్టేలు కడుపు కింద గోనెగుడ్డ కడతాం. ఎక్కినా పని జరగదు. మృగశిర కార్తె పొద్దున కొమ్ములకు పసుపు రాసి గుడ్డ విప్పుతాం. అప్పుడు గొర్రెలు కడితే, అంటే చూలు నిలిస్తే, కార్తీకంలో ఈనుతాయి. ఆ కార్తీకం పిల్లలు పడితేనే నా మంద నిలబడుతుంది. లేకుంటే ఆడదాన్ని ఒక్కదాన్ని, ఎండలు వచ్చేసరికి మందను సంతకు తోలాల్సిందే. ఆ సంగతి నాకు తెలుసు, మా మరిదికి తెలుసు.

ఆయన పోయాక వచ్చిన మృగశిర నాడు నేను ముసలిదానికి విప్పాను. తెల్లదానికి విప్పలేదు.

మరిది దొడ్డి గోడ మీద కూర్చుని చూస్తున్నాడు.

"వదినె, ఏం జేస్తున్నవ్? ముసలిది అయిపోయింది. దాన్ని సంతకు తోలి తెల్లదాన్ని ఇడువు."

"మీ అన్న పెంచింది అది."

"అన్న పెంచిండని పిల్లలు పుడ్తయా? నడుస్తుంటేనే ఊగుతున్నదది. జర కండ్లు పెట్టి చూడు."

"నా మంద నా ఇష్టం. నువ్వు వోయి నీ మందకు గడ్డి చూస్కో."

గుడ్డ కట్టి ఉన్నా తెల్లది ఊరుకోలేదు. రెండూ పది అడుగులు వెనక్కి పోయేవి, తలలు వంచి ఉరికొచ్చేవి. ఢీ అంటే గుట్ట దాకా వినిపించేది. మొదటి రోజు నల్లది మూడుసార్లు నిలబడింది. నాలుగోసారి ముందు కాళ్ల మీద కూలింది. నేను ఏడ్చుకుంటూ కట్టె తీసుకుని తెల్లదాన్ని కొట్టి, తాడేసి దొడ్డిలో పాతిన రాతికూసానికి కట్టాను.

ఎదకొచ్చిన గొర్రెలు ఏం చేశాయో చెప్తా. నల్లది మంద మధ్యలో మూతి ఎత్తి వాసన చూసుకుంటూ తిరుగుతూ ఉంటే, అవి పోయి కట్టేసిన తెల్లదాని పక్కన నిలబడ్డాయి. తోకలు ఆడిస్తూ, దాని డొక్కకు ఒరుసుకుంటూ నిలబడ్డాయి. ముసలిది ఆయన పెంచింది అని వాటికేం ఎరుక! నాకు కోపమొచ్చింది. ఒక్కొక్కదాన్ని కట్టెతో అదిలించి నల్లదాని దగ్గరికి తోలాను. మెడ పట్టి ఆపాను కూడా. అది ఎక్కేది, జారేది, మళ్లీ ఎక్కేది. ఎక్కింది కదా, అయింది అనుకున్నాను.

పదిహేడు రోజులకు మొదట వచ్చినవే మళ్లీ ఎదకొచ్చాయి.

"గవ్వే గొర్లు మళ్ల తిరుగుతున్నయి వదినె," అన్నాడు మరిది. "ఒక్కటి గూడ కట్టలే. ఇంకా ఆలస్యం గాలే, ఇప్పుడన్న ఇడువు."

"ఇవి వేరే గొర్లు" అన్నాను. ఒక్కొక్క గొర్రెను మొహం చూసి గుర్తుపట్టేదాన్ని నేను. అయినా అట్లనే అన్నాను. అతను టవల్ దులుపుకుని వెళ్లిపోయాడు. మళ్లీ చెప్పలేదు.

కార్తీకం వచ్చింది. ఒక్కొక్కదాన్ని కాళ్ల మధ్య పట్టుకుని పొదుగు తడిమాను. వట్టి తోలు. మంద మొత్తంలో రెండు ఈనాయి. పిల్లలు రెండూ నల్లవే. ఒకటి లేచి నిలబడలేదు.

అప్పుడు తెల్లదానికి గుడ్డ విప్పాను. కార్తీకంలో పొట్టేలు కలిస్తే ఎండల్లో ఈనుతాయనే కట్టేది ఆ గుడ్డ. చిన్న పిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. కాని ఏదో ఒకటి పుట్టాలి కదా అని విప్పాను. తెల్లది తన పని తాను చేసింది. ఒక్క గొర్రె కూడా మిగలకుండా కట్టాయి.

చైత్రం చివర ఈనాయి, ఎండలు మండుతుండగా. పిల్లలు మంచి ఎముక, పొడుగు కాళ్లు, తండ్రి పోలికే. తల్లులకు చుక్క పాలు లేవు. నా బిడ్డ, నేను సీసాలు పట్టుకుని తిరిగాం. ఎన్నింటికని తాపుతాం? పొద్దున లేచేసరికి కొన్ని చచ్చి ఉండేవి, వాటిని తట్టలో వేసుకుని గుట్ట కిందకు మోసేదాన్ని. మరిది ఎదురొచ్చి తట్ట అందుకున్నాడు. తనే గుంట తీశాడు. తిట్టినా బాగుండేది.

ఎముకలు తేలిన తల్లులను, మిగిలిన పిల్లలను, తెల్లదాన్ని ఒకే లారీ ఎక్కించాను. లారీ పోయాక మరిది గోడ మీద కూర్చుని మెల్లగా అన్నాడు: "అన్న ఉంటే ఆ యేడే ముసలిదాన్ని అమ్మేటోడు వదినె. పొట్టేలు ముసలిదైతే మార్చకుండ ఎన్నడన్న ఉన్నడా?"

ఉండలేదు. దానికి ముందున్న పొట్టేలును కూడా ఆయనే పెంచి, ఆయనే అమ్మాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు తెలియనిది కాదు.

ఇప్పుడు పత్తి ఏరడానికి పోతున్నాను. ముసలి నల్లది ఒక్కటే ఉంది దొడ్డిలో. వానలు పడ్డ రోజున లేచి పది అడుగులు వెనక్కి పోతుంది. తల వంచి ఉరికి, తెల్లదాన్ని కట్టిన రాతికూసాన్ని ఢీకొడుతుంది. ఆ చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. లేచి వెళ్లి ఆపబుద్ధి కాదు.