మునిరత్నమ్మ పూసుకున్న బెల్లపు పాకం

మునిరత్నమ్మ టీచరు పరమపదించారన్న వార్త నాకు పొద్దున్నే, వాకిట్లో ముగ్గు వేస్తుండగా తెలిసింది. ఆమె తమ్ముడు మునికృష్ణ ఫోను చేసి, "అక్క పోయిందమ్మా, నిద్దర్లోనే పోయింది" అన్నాడు. ముగ్గు గిన్నె కింద పెట్టి మెట్టు మీద కూలబడ్డాను. నా నోట వచ్చిన మొదటి మాట సంతాప వాక్యం కాదు. "ఈమెకెప్పుడూ ఇంతే, చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడమే" అన్నాను. ఫోను అవతల మునికృష్ణ ఏమనుకున్నాడో నాకు తెలియదు.

మా బడిలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయులంతా కలిసి ఆమె స్మృత్యర్థం ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. "మీరు అత్యంత సన్నిహితులు కదా, నాలుగు మంచి మాటలు రాయండి" అని నన్ను అడిగారు. సన్నిహితురాలినే, కాదనను. స్టాఫ్ రూములో నా కుర్చీ ఆమె కుర్చీ పక్కనే ఉండేది. అది నా ప్రారబ్ధం. తిరుపతిలో నేను ఇల్లు కట్టుకున్న వీధికి వెనక వీధిలోనే ఆమె తమ్ముడు ఇల్లు కట్టి అక్కను తెచ్చి పెట్టుకున్నాడు. అది నా గ్రహచారం. ఇప్పటికే కొందరు రాసి పంపినవి చూశాను. మృదుభాషిణి అని ఒకరు, నవనీత హృదయ అని ఒకరు, మాధుర్యమూర్తి అని మరొకరు. వీళ్లు ఏ మునిరత్నమ్మ గురించి రాశారో నాకు అర్థం కాలేదు. నేనెరిగిన మునిరత్నమ్మ మొండిఘటం. తీపి అంతా ఆమె పూసుకునే సెంటులో ఉండేది, మాటలో చుక్కైనా ఉండేది కాదు.

ఆ సెంటును పక్కన పెట్టి ఆమె గురించి రాయడం సాధ్యం కాదు. ఆమె దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి కువైట్‌కు పనికి వెళ్లి, సెలవుకు వచ్చినప్పుడు గురుభక్తితో ఒక సీసా తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత అది అయిపోయే లోపల ఇంకొకటి వచ్చేది. ఆ పిల్ల గురుభక్తికి శిక్ష అనుభవించింది నా ముక్కు. మల్లె, సంపెంగ, చందనం మన సంప్రదాయం ఎరిగిన పరిమళాలు. ఇది తినే వస్తువుల వాసన. మనిషి దగ్గర మనిషి వాసన రావాలి, లేదంటే పూల వాసన రావాలి. పరమాన్నం వాసన రావడమేమిటని నేను ముఖం మీదే అడిగాను. ఆమె సైన్సు టీచరు కదా, జవాబు కూడా అలాగే చెప్పింది. "వాసనంటే గాల్లో తేలే అణువులు మే. నా అణువులు నీ ముక్కులోకి పోతా ఉండాయి. ఏం చేసుకుంటావో చేసుకో."

చేయడానికి ఏమీ లేక నేను కిటికీ తెరిచేదాన్ని. ఆమె లేచి మూసేది. నేను కుర్చీ జరిపేదాన్ని. ఆమె నోటు పుస్తకాల కట్ట తెచ్చి సరిగ్గా నా పక్కనే పెట్టుకుని దిద్దేది. మా ఇద్దరి యుద్ధం చూడ్డానికి లెక్కల మేష్టరు ఖాళీ పీరియడులో ఇంటికి కూడా పోకుండా కూర్చునేవాడు.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నారు. మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడు ఆమెది. "మేడం వస్తే ఆకలేస్తా ఉండాది సార్, పాఠం తలకెక్కడం లేదు" అన్నారు. ఆయన గంభీరంగా విని, టైంటేబుల్ మార్చి, ఆ పీరియడు నాకిచ్చి ఆమెను భోజనం తర్వాతి పీరియడుకు పంపాడు. నిద్రకు తూగే పిల్లలు ఆమె రాగానే కళ్లు తెరిచి కూర్చున్నారట. ఆ ఏడాది ఆమె క్లాసులో మార్కులు బాగా వచ్చాయి. ఆకలి మీదున్న పిల్లలకు ఛందస్సు చెప్పలేక నా గొంతు పోయింది. ఈ అన్యాయాన్ని నేను ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

చిత్తూరు పక్క పల్లె ఆమెది. వాళ్ల నాయన చెరకు ఆడించి బెల్లం వండేవాడు. ఎందుకే ఈ తిండి వాసన నీకు అని నేను ఒక రోజు మామూలుగానే అడిగితే, ఆమె కూడా మామూలుగానే చెప్పింది. "సలికాలం మా నాయన పొయ్యి కాడ్నే మా పడక. పాకం పొంగే వాసన మీదికొస్తే కంబళి కప్పినట్టుండేది. నీకిది కంపు, నాకు కాపడం." అంతటితో ఆగి ఉంటే నాకు కొంత జాలి కలిగేదేమో. ఆగలేదు. "నీ మల్లెపూలు సాయంత్రానికి వాడిపోతాయి. ఇది నాతో ఇంటిదాకా వస్తాది" అని నా జడ వైపు చూసి నవ్వింది.

పరీక్షలయ్యాక స్టాఫంతా కొండకు వెళ్లిన రోజు సంగతి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. తిరుమల మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదే కాబట్టి ఆడవాళ్లం కింద అలిపిరి దగ్గరే తలలో పూలు తీసేస్తాం. నేను నా మల్లెపూలు తీసి, "నీ పరిమళం కూడా కడుక్కుని రా, అదీ ఆయనకే చెందాలి" అన్నాను. "పూలు తీయమన్నారు, సరే. సెంటు తీయమని యాడ రాసుండాది?" అంది. పైకి వెళ్లాక కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టి తలుపులు వేశారు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఫ్యాను గాలికి ఈమె వాసన హాలంతా తిరిగింది.

వెనక వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి, "పొంగలి వస్తా ఉండాదబ్బా, నేతి వాసన తగల్లా మీకు?" అన్నాడు. అక్కడ తిండి పెట్టడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తల్లులు నిద్రపోతున్న పిల్లల్ని లేపారు. ఒకరి వెనక ఒకరు వరస కట్టారు. ఆ వరస వాసన వెంట వచ్చి వచ్చి మునిరత్నమ్మ ముందు ఆగింది. నాయుడుపేట నుంచి వచ్చానని చెప్పిన ఒక అవ్వ రెండు చేతులూ చాచి, "రోంత పెట్టు తల్లీ" అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మునిరత్నమ్మ తొణకలేదు, బెణకలేదు. సంచీ విప్పి బిస్కెట్లు తీసి ఉన్నంతవరకు పంచింది. ఆ సంచీ నాది. తర్వాత నేను నిలదీస్తే, "వాసన మనది కదా మే, ల్యాదని ఎట్ట చెప్పేది?" అంది. మనది అన్నది చూశారా.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఒకటి ఉంది. కరోనా జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసన తెలియకుండా పోయింది. అందరికీ కొన్నాళ్లకు తిరిగి వచ్చింది, ఈమెకు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పాడట.

నాకు తెలిసిన విధం ఇది. ఒక రోజు మా ఇంటికి వచ్చింది. గేటు తీయక ముందే వాసన వచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమిటే ఇది, స్నానం చేశావా దీంతో, వీధి కుక్కలు కూడా నీ వెంట పడుతున్నాయి, వయసుకు తగ్గ బుద్ధి ఉండొద్దా అని నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆమె ఎదురు తిరగలేదు. గోడ పట్టుకుని నిలబడి, "నిజంగా వస్తా ఉండాదా?" అని అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తర్వాత వరండాలో కూర్చుని ఏడ్చింది. "నాకేం తెలవడం ల్యా మే. పూసుకుంటా ఉండాను, యాడికి పోతా ఉండాదో తెలవడం ల్యా. ఇంట్లో చెప్పొద్దు. తెలిస్తే ఇంగ నీకు సెంటెందుకు అంటారు." కాఫీ ఇచ్చాను. అది కూడా ఆమెకు వేడి నీళ్లే.

మర్నాటి నుంచి రోజూ పొద్దున మా ఇంటికి రావడం, వాకిట్లో నిలబడి, "ఎట్టుండాది?" అని అడగడం. నేను తిట్టేదాన్ని. తక్కువ తిడితే ఒప్పుకునేది కాదు. "ఇంగా వివరంగా తిట్టు. ముందేం వస్తా ఉండాది, తర్వాతేం వస్తా ఉండాది?" అనేది. నీకు వేరే పని లేదా, ఇంట్లోవాళ్లను అడుగు అన్నాను ఒకసారి విసిగిపోయి. "వాళ్లనడిగితే బాగుండాది అంటారు. బాగుండాది అంటే నాకేం తెలస్తాది? నువ్వు తిడితే తెలస్తాది" అంది. జీవితమంతా పద్యాలు బోధించిన నన్ను పట్టుకుని ఆమె ఈ వెట్టిచాకిరి చేయించింది. ఆమె ముక్కు చేయాల్సిన పని నా నోరు చేసింది. నాకు అది నచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తలనొప్పి మాత్రలు నేనే కొనుక్కునేదాన్ని.

చివరికి ఇంట్లోనూ తెలిసింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే, పక్క గదిలో కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటోందట. ఆ తర్వాత గుండె జబ్బు వచ్చి మంచం పట్టింది. ఇక ఆమె రావడం మాని నేను వెళ్లడం మొదలైంది.

ఒక రోజు సాయంత్రం వెళ్లేసరికి ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. తమ్ముడి భార్య హేమలత మంచం పక్కనే ఉంది. "చల్లినాను వదినా, గుమ్మంటా ఉండాది" అంటోంది. మునిరత్నమ్మ నా వైపు తిరిగి, "ఎట్టుండాది?" అంది. నేను వంగి వాసన చూశాను. ఏమీ లేదు. మందుల వాసన, ఉతికిన దుప్పటి వాసన, అంతే. హేమలత ఆమె వెనక నిలబడి నాకు కళ్లతో సైగ చేసింది, బాగుందని చెప్పమని. ఆ సైగ చూసి నా ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నేను ఆ సెంటును ద్వేషించాను, కానీ దాని గురించి ఆమెతో అబద్ధం మాత్రం చెప్పలేదు.

"నీ ఒంటి మీద సెంటు లేదు, మునిరత్నమ్మా. నీళ్లు చల్లారు" అన్నాను.

హేమలత ముఖం పాలిపోయింది. పెద్ద సీసా పగులుతుందని చిన్న సీసాలో పోశానని చెప్పి కొన్నాళ్లుగా వట్టి నీళ్లే చల్లుతోందట. "నన్ను తప్పు పట్టొద్దండమ్మా. మా మనవడికి ఆ వాసనకి దగ్గొస్తా ఉండాది, ఊపిరాడ్డం ల్యా. వదినకెట్టాగూ తెలవదు కదా అని" అంది. పసిబిడ్డ సంగతి నిజమే కావచ్చు. అయినా ఆ 'ఎట్టాగూ తెలవదు కదా' అన్న మాటకు నేను ఆమెను ఈ రోజుకీ క్షమించలేదు. ఈ పుస్తకం ఆమె కూడా చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

మునిరత్నమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "బిడ్డ దగ్గుతాంటే నేను చల్లుకుంటానా హేమా? అడిగుంటే నేనే మానుకోనుంటానే" అంది. అంతే. హేమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. తర్వాత, "సరే, ఇంగ సెంటు వద్దు. ఉన్నట్టే తిట్టు" అంది.

లేనిదాన్ని ఎలా తిట్టేది అన్నాను. "నీకొస్తాది, తిట్టు" అంది.

మొదలుపెట్టాను. సీసా మూత తీస్తే ముందుగా కొట్టేది ముదురు పాకం, పొయ్యి మీద నుంచి దించడం ఒక క్షణం ఆలస్యమైతే వచ్చే ఆ చిరుచేదు, అది నా గొంతు పట్టుకుంటుంది, దరిద్రం. బెల్లు కొట్టే వేళకు చేదు పోయి నెయ్యి వస్తుంది, దాని వెనక దంచిన యాలకులు, ఒక్క యాలక్కాయ కాదు గుప్పెడు. రెండో పీరియడుకు బేకరీ తలుపు తెరిచినట్టు వెనిల్లా, దానితో నాకు తల పగిలిపోతుంది. మధ్యాహ్నం నువ్వు చెమట పట్టి వస్తే దానికి ఉప్పు తోడవుతుంది, వేయించిన వేరుశనగపప్పు గుర్తొస్తుంది, అప్పుడు మాత్రం మరీ అంత అసహ్యంగా ఉండదు. సాయంత్రం నువ్వు సంచీ సర్దుకుని వెళ్లిపోయాక కూడా నీ కుర్చీ వీపు మీద కాగిన పాల మీగడ వాసన మిగిలి ఉంటుంది. వెచ్చగా, మెత్తగా, మనిషి అక్కడే కూర్చున్నట్టు. నేను తాళం వేసేటప్పుడు కూడా ఉంటుంది.

అక్కడ ఆగిపోయాను. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి గట్టిగా లోపలికి తీసుకుంటోంది, నిజంగా ఏదో వస్తున్నట్టు. కళ్లు తెరవకుండానే, "ఇంత అసయ్యించుకునేదానివి, ఎంత బాగా పీల్చినావు మే" అంది.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. సంచీ తీసుకుని లేచి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను, ఉన్నట్టే తిట్టాను. అలా ఆమె పోయే ముందు రోజు వరకూ వెళ్లాను.

అంత్యక్రియల నాడు గులాబీ దండలూ సాంబ్రాణి పొగా తప్ప ఆమె దగ్గర ఇంకే వాసనా లేదు. అందరూ చేతులు జోడించి మంచి మాటలు చెప్పారు. నేనూ చేతులు జోడించాను. మంచి మాటలు నాకు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. ఆమె నా కిటికీ మూసింది, నా పీరియడు మార్పించింది, నా బిస్కెట్లు పంచింది, తన ముక్కు పోతే నా నోరు వాడుకుంది. అంత హక్కుగా నా దగ్గర ఏదైనా తీసుకున్న మనిషి ఈ లోకంలో మరొకరు లేరు, ఇక రారు. ఆమెకు నా నమస్సులు.

ఇప్పుడు ఇంట్లో పోపు వేసినా, వాన పడ్డా, పక్కింటివాళ్లు అగరొత్తి వెలిగించినా నాకు అన్ని వాసనలూ స్పష్టంగా తెలుస్తున్నాయి. ఎట్టుండాదో చెప్పమని అడిగేవాళ్లే లేరు.