మలుపు దగ్గర నేను చూడనిది

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో దాన్ని ఒక్కసారే చెప్పాను. నా చేతిరాతలో అది ఇప్పటికీ చెల్లుబాటవుతూనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముందుగా, నా వల్ల యాదగిరి అనే గుర్రప్పందేల జాకీకి జరిగిన అన్యాయాలను వరుసగా రాస్తాను. వరుస లేకుండా రాయడం నాకు చేతకాదు.

పందెం నాడు: మొదట వచ్చిన అతని గుర్రాన్ని రెండో స్థానానికి దింపారు.
మూడో రోజు: ఆరు నెలలపాటు గుర్రం ఎక్కకూడదని ఉత్తర్వు ఇచ్చారు.
ఏడో నెల: నిషేధం తీరింది. పందెపు గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే ఏ ట్రైనరూ అతనికి గుర్రం ఇవ్వలేదు.
రెండో సంవత్సరం: లాయంలో గుర్రాలను నడిపించే పనిలో చేరాడు. వాటిలో తాను ఒకప్పుడు గెలిపించినవీ ఉన్నాయి.
ఈ ఏడాది, ఉగాది తర్వాతి వారం: ట్రైనర్ లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. పాత తీర్పు చూపించి దాన్ని పక్కన పెట్టారు.

నేను అప్పట్లో నాంపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. పందేలున్న రోజుల్లో మలుపుకు ఎదురుగా చెక్క మంచె మీద నిలబడి, ఏ గుర్రమైనా మరో గుర్రానికి అడ్డం వచ్చిందేమో చూసి రాయడం నా అదనపు పని. నన్ను ఆ పనికి పిలవడానికి కారణం నా నోటు పుస్తకాలే. జ్ఞాపకాన్ని నమ్మను. చూసింది చూసినట్టు, చూసిన క్షణంలోనే పెన్సిలుతో రాస్తాను. స్టీవార్డులు, అంటే పందెం మీద తీర్పు చెప్పే పెద్దలు, మిగతావారిని ప్రశ్నలు అడిగేవారు; నన్ను పుస్తకం అడిగేవారు.

ఆ రోజు చివరి మలుపులో తెల్లగుర్రం లోపలి కంచె వెంట వస్తోంది. యాదగిరి ఎక్కిన ఎర్రగుర్రం దానికి బయటివైపున, కాస్త ముందుగా ఉంది. ముందున్న గుర్రం లోపలికి జరగవచ్చు. వెనకదాని దారి మాత్రం మూయకూడదు. అంతే నియమం. దారి మిగిలిందో లేదో ఎదురుగా నిలబడినవాడికే తెలుస్తుంది. పక్క నుంచి తీసిన వీడియోలో రెండు గుర్రాలూ అతుక్కుపోయినట్టే కనిపిస్తాయి.

ఎదురుగా నిలబడినవాణ్ని నేనొక్కణ్నే. నేనేం చేస్తున్నాను? "తెల్లగుర్రం లోపలి దారి పట్టింది" అని రాస్తున్నాను. తల వంచి. మూడు సెకన్లు, మహా అయితే నాలుగు. తల ఎత్తేసరికి తెల్లగుర్రం జాకీ పగ్గాలు బిగబట్టి రికాబుల మీద లేచి నిలబడి ఉన్నాడు. ఎర్రగుర్రం కంచె పక్కన పరుగెడుతోంది. ఈలోగా ఏం జరిగింది? ఎర్రగుర్రం అడ్డం వచ్చిందా? తెల్లగుర్రం అలసి తడబడిందా? దాని జాకీ ఊరికే భయపడి పగ్గం లాగాడా? నాకు తెలియదు. కింది పంక్తిలో మాత్రం ఇలా రాశాను: "ఎర్రగుర్రం లోపలికి వాలి దారి మూసింది."

ఎందుకు రాశాను? "చూడలేదు" అన్న మాట నా పుస్తకాల్లో అంతవరకూ ఎక్కడా లేదని, ఆ మాట లేకపోవడం మీదే నా పేరు నిలబడి ఉందని, ఆ పేరు కోసం ఒక మనిషి బతుకును పణంగా పెట్టానని ఇప్పుడు కూర్చుని వాక్యం కట్టగలను. ఆ క్షణంలో అంత ఆలోచన కూడా లేదు. పెన్సిలు ఆగలేదు. అంతే.

విచారణ గదిలో యాదగిరి చెమటలు కారుతుండగా, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పెద్ద స్టీవార్డు నా వైపు తిరిగాడు.

"మీ కండ్లతోని చూసిన్రా సార్?"

"ఔ. చూసిన."

"లేదు సార్," అన్నాడు యాదగిరి. "ఈ సార్ తల కిందికి ఉండె. నేను ఎదురుంగనే వస్తున్న గద. టోపీ కనబడ్డది, మొఖం కనబడలే."

గదంతా ఘొల్లున నవ్వింది. "ఏందిరా, గుర్రం నడుపుతున్నవా, సార్ టోపీ చూస్కుంట వస్తున్నవా? గందుకే అడ్డం పోయినవ్!" అన్నాడు స్టీవార్డు.

"అడ్డం పోలే సార్." యాదగిరి నాకు దండం పెట్టాడు. "సారూ, జర మీరే చెప్పుండ్రి. రాస్తుండె గద మీరు?"

నేను పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. ఆ నవ్వులో నేనూ కలిశాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పోయిన నెలలో పందేల సంస్థ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. లైసెన్సు విషయమై యాదగిరి అప్పీలు చేశాడట. పాత వీడియో దొరకడం లేదట. నా పుస్తకం కావాలట. పుస్తకం పట్టుకుని ఆబిడ్స్‌లోని ఆ కార్యాలయానికి నడిచి వెళ్లాను. అక్కడి యువ అధికారికి అంతా చెప్పాను. చూడలేదని, ఊహించి రాశానని చెప్పాను. అతను ఆ పేజీ జెరాక్స్ తీసుకుంటూనే విన్నాడు.

"గిన్నేండ్లాయె అంకుల్, మీకేం యాదికుంటది? గప్పుడు రాసిందే కరెక్ట్ ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి, చాయ్ తాగుండ్రి."

మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ చాయ్ ఇచ్చారు. నేను రాసి ఇచ్చిన వాంగ్మూలం ఒక్కసారీ తీసుకోలేదు. మనిషి మాటను కాదు, రాతను నమ్మండని జీవితమంతా బోధించినవాణ్ని. ఇప్పుడు నా రాత నా ఎదుట కూర్చుని నన్నే అబద్ధాలకోరును చేస్తుంటే, ఏమని వాదించను?

మరో చిక్కు కూడా ఉంది. యాదగిరి తప్పు చేయలేదని నేను రాయలేను. చూడలేదు కదా. అలా రాస్తే, చూడనిదాన్ని రెండోసారి రాసినట్టవుతుంది. అతనికి నేనివ్వగలిగింది నిర్దోషిత్వం కాదు, అనుమానం మాత్రమే. దాన్ని ఆనాడే ఇవ్వవలసింది.

అతనికి చెప్పారా అని మీరడుగుతారు. చెప్పలేదు. ఈ మధ్య నాంపల్లి స్టేషన్ ముందు ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. "మంచిగున్నరా సార్?" అన్నాడు. తల ఊపి, అవసరం లేకపోయినా ఆటో ఎక్కాను.

ఇక ఈ కాగితం. దీన్ని మూడు ప్రతులు రాశాను. మీ చేతిలోని ప్రతిలో నా పేరు లేదు. మిగతా రెంటిలో పేరు, చిరునామా, సంతకం ఉన్నాయి. ఒకటి యాదగిరికి పంపుతున్నాను. అతని నుంచి జవాబు ఆశించను, క్షమించమని అడగను. మీరు క్షమించినా అది చెల్లదు. అయినా, చూడలేదు అన్న ఈ ఒక్క మాట నా సంతకం పైన కనబడుతుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి కాస్త ఊపిరి ఆడుతోంది.

రెండోది సంస్థకు, రిజిస్టర్డ్ పోస్టులో. దాని చివర ఇలా రాశాను:

అయ్యా, ఆనాటి తీర్పుకు నేను తప్ప ఎదురుగా చూసిన సాక్షి లేడు. నేను చూడలేదు. అయినప్పటికీ నా పుస్తకంలోని ఆ పంక్తినే ఆధారం చేసుకుని యాదగిరికి లైసెన్సు నిరాకరించదలిస్తే, ఏ నియమం కింద నిరాకరిస్తున్నారో, సాక్షి తానే కాదంటున్న సాక్ష్యాన్ని ఏ కారణం చేత నమ్ముతున్నారో తెలియజేయండి. నోటిమాటలు వద్దు. పదిహేను రోజుల లోపల, అధికారి సంతకంతో, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఒక ప్రతి యాదగిరికి కూడా పంపండి.