గుడ్డి చిలకల చీర

మొన్న మా మనవరాలు కంప్యూటరు పాఠం పైకి చదువుతూ, తొలినాళ్లలో అలాంటి యంత్రాలకు బెజ్జాలు కొట్టిన అట్టలతోనే పని చెప్పేవారనీ, ఆ ఉపాయం నేతమగ్గం దగ్గర నేర్చుకున్నదేననీ అనేసరికి, తాగుతున్న కాఫీ నాకు పొలమారింది. ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసిన నేను చీరాలలో ముప్పయ్యేళ్లు కొట్టినవి ఆ బెజ్జాలేనండీ! గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, రంగు వేసిన గడికో బెజ్జం చొప్పున అట్టల్లో పొడిచి, వాటిని దండలా కుట్టి జకార్డు మగ్గానికి ఎక్కిస్తే, బెజ్జం ఉన్నచోట దారం లేచి చీర అంచున చిలకలు వాలేవి. ఆ లెక్కన కంప్యూటరుకి నేను తాత వరస, అయినా దాని పేరెత్తితేనే నాకు గిట్టదు. మరి మనవడంటే తాతకి అంత కుళ్లెందుకయ్యా అని మీరడగొచ్చు.

కుళ్లు దాని మీద కాదు, దాన్ని కొన్న మా తోడల్లుడి మీద. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు, అన్నయ్యా అన్నయ్యా అంటూ నా పక్కన కూర్చుని పని నేర్చినవాడు, ఒకనాడు చల్లటి గదిలో ఆ పెట్టె పెట్టి, చెప్పులు బయట విప్పి రమ్మన్నాడు. గుడిలోకైనా అంత భయంగా అడుగుపెట్టి ఎరగను. నేను వారం గీసే బొమ్మ అక్కడ పూటలో తయారైంది, బెజ్జాలూ యంత్రమే కొట్టింది. మా ఇద్దరికీ పనిచ్చే ఆసామి, ఈ ఒక్క చీర కుదిరితే ఇకపై అట్టలన్నీ అతని దగ్గరే అన్నాడు. నాకు మిగిల్చింది, ఆ అట్టల్ని వరసగా కుట్టే పని.

కుడుతుంటే చిలక తల గీత లోపలి ఖాళీలో ఒంటరిగా ఒక బెజ్జం కనబడింది. యంత్రం తప్పు చేసిందిలే, పెద్దవాణ్ని, నేను దిద్దాలి గదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని, దాని మీద కాగితం ముక్క అతికించాను. చిలకకి కన్నుంటుందని తెలియనివాణ్నా నేను!

ఆ అట్టల దండే మళ్లీ మళ్లీ తిరుగుతుంది గనక, చీర మగ్గం దిగేసరికి అంచు పొడుగునా గుడ్డి చిలకలే. "ఏమయ్యా, నీ కంప్యూటరు చిలకలకి శుక్లాలొచ్చాయా?" అన్నాడు ఆసామి. తోడల్లుడు అట్టలు తిరగేసి, ఆ కాగితం ముక్క దగ్గర ఆగి, గోటితో గీకి, నావైపు ఒక్కసారి చూసి, "పొరపాటు నాదేనండీ, కన్ను పెట్టడం మరిచాను" అన్నాడు. పని మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఇంకో రెండేళ్లు సిగ్గులేకుండా తిన్నాను.

ఇప్పుడు అట్టలూ లేవు, అతని పెట్టే లేదు. ఎక్కడో ఫోనులో గీసిన బొమ్మ నేరుగా మగ్గానికి చేరుతోంది. అతనూ నాలాగే ఖాళీగా ఉండి, సాయంత్రాలు నా పక్కన కూర్చుని నా వేళాకోళాలకి నవ్వుతుంటాడు. ఎన్ని రకాల కంప్యూటర్లు వచ్చాయో, ఎన్ని పోయాయో గానీ, తప్పు నాదే తమ్ముడూ అనే ఒక్క మాట నాకింకా నోట రాలేదు. తను చెయ్యని తప్పుకి ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగాడో తలచుకుంటే, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.